మాసిడోనియా విషాదం: సాక్షులు, సాక్ష్యాలు

సాక్షి చెప్పిన మాటను తూచే ముందు సాక్షినే తూచమంటుంది ఇస్లామీ ధర్మశాస్త్రం. తన లాభం కోసం చెప్పిన సాక్ష్యం బలహీనమైనది. తనకు, తన తల్లిదండ్రులకు, తన బంధువర్గానికి వ్యతిరేకమైనా సరే సత్యం పలికిన సాక్ష్యం బలవత్తరమైనది. దివ్యఖుర్ఆన్ నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులకు విధించిన బాధ్యత కూడా ఇదే. యుద్ధాలు, ఊచకోతలు, వలసలు వస్తువుగా వెలువడిన గ్రంథాలను పరిశీలించడానికి ఇంతకంటే నమ్మదగిన త్రాసు మరొకటి కానరాదు.

ఇటువంటి గ్రంథాలు విస్తారంగా పుట్టిన భూభాగాలలో మాసిడోనియా ఒకటి. ఆ నేలమీద గత నూట ఇరవై సంవత్సరాలలో తుర్కులు, స్లావులు, గ్రీకులు, అల్బేనియన్లు, యూదులు, అందరూ ఏదో ఒకనాడు ఇల్లు విడిచి పారిపోయారు. ప్రతి జాతికీ తన శోకాన్ని పలికిన రచయితలున్నారు. పొరుగువాని శోకాన్ని కూడా విన్న రచయితలెందరు అన్నదే విమర్శకుడు తేల్చవలసిన విషయం. ముస్లిం పాఠకునికి ఈ ప్రశ్న మరింత ముఖ్యం. ఎందుకంటే ఈ విషాదంలో ముస్లిములు బాధితులుగా వున్నారు. కొన్ని పుటలలో బాధించినవారుగానూ వున్నారు.

నేపథ్యం

ఉస్మానియా సామ్రాజ్యంలో మాసిడోనియా అన్న పేరుతో ప్రత్యేక రాష్ట్రం ఏదీ లేదు. సలోనికా, మొనాస్టిర్, కొసోవో అనే మూడు విలాయత్‌లలో ఆ ప్రాంతం పరచుకొని వుండేది. 1903 ఆగస్టులో ఇలిండెన్ తిరుగుబాటు జరిగింది. క్రుషెవో పట్టణంలో తిరుగుబాటుదారులు స్థాపించిన గణతంత్రం సుమారు పది రోజులు మాత్రమే నిలిచింది. దానిని అణచే క్రమంలో ప్రభుత్వ సైన్యాలు, బాషీబజూకులనబడే సాయుధ మూకలు దాదాపు 200 గ్రామాలను తగులబెట్టాయి. 70 వేల మంది వరకు నిరాశ్రయులైనారని ఆనాటి అంచనా.

1912 అక్టోబరులో సెర్బియా, బల్గేరియా, గ్రీసు, మాంటెనెగ్రో రాజ్యాలు ఏకమై ఉస్మానియాపై యుద్ధం ప్రారంభించాయి. కుమనోవో యుద్ధంతో ఉత్తర మాసిడోనియా సెర్బుల వశమైంది. నవంబరులో సలోనికా నగరం గ్రీకు సైన్యానికి లొంగిపోయింది. అయిదు శతాబ్దాల పాలన కొన్ని వారాలలో ముగిసింది. విజేతలు పంపకం దగ్గర తగవుపడి 1913 జూన్ చివర తమలో తామే యుద్ధానికి దిగారు. ఆగస్టు 10న బుకారెస్టు సంధితో మాసిడోనియా మూడు ముక్కలైంది. సగానికి పైగా గ్రీసుకు, తరువాతి పెద్ద భాగం సెర్బియాకు, పదో వంతు బల్గేరియాకు దక్కాయి. ఏ రాజ్యంలో వుండదలచుకున్నారని ఆ పల్లెల ప్రజలను అడిగినవారు లేరు.

కార్నెగీ నివేదిక

ఈ రెండు యుద్ధాలపై మొదటి పెద్ద సాక్ష్యం 1914లో వెలువడిన కార్నెగీ సంస్థ నివేదిక. ఫ్రెంచి సెనేటరు దెస్తూర్నెల్ ద కోన్‌స్టాన్ అధ్యక్షతన ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 1913 ఆగస్టులో పారిస్ నుండి బయలుదేరింది. రష్యా చరిత్రకారుడు మిల్యుకోవ్, ఇంగ్లీషు పాత్రికేయుడు బ్రెయిల్స్‌ఫర్డ్ దానిలో ముఖ్యులు. వీరిద్దరూ బల్గేరియా పక్షపాతులని సెర్బియా, గ్రీసు ప్రభుత్వాలు ఆక్షేపించి, వారి పనికి అడ్డంకులు కల్పించాయి.

ఆ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. బ్రెయిల్స్‌ఫర్డ్ 1903 తిరుగుబాటు తరువాత అక్కడి క్రైస్తవ గ్రామాలలో సహాయ కార్యక్రమాలు నడిపినవాడు. 1906లో మాసిడోనియాపై వెలువరించిన గ్రంథంలో ఉస్మానియా పాలనను తీవ్రంగా ఖండించినవాడు. అటువంటి వ్యక్తి నివేదికలో పౌరుల దుస్థితిని వివరించే అధ్యాయాన్ని ఎక్కడ ఆరంభించాడన్నది గమనార్హం. మాసిడోనియా ముస్లిముల కష్టాలతో ఆరంభించాడు. తాను ఆదరించిన జాతి సైన్యాలు, వాటి వెంట నడిచిన సాయుధ దళాలు ముస్లిం గ్రామాలలో చేసిన హత్యలను, గృహదహనాలను దాచకుండా నమోదు చేశాడు. రోదోపీ కొండలలో పోమాక్ ముస్లిములకు బలవంతంగా బాప్తిస్మమిచ్చి, పేర్లు మార్పించిన సంగతిని కూడా నివేదిక కప్పిపుచ్చలేదు. సలోనికా వెలుపల ఓడల కోసం నిరీక్షిస్తూ పడివున్న ముస్లిం కాందిశీకుల గుంపులను సంఘ సభ్యులు కళ్ళారా చూశారు.

నివేదికకు అసలైన బలం ఇదే. తన అభిమాన పక్షానికి వ్యతిరేకంగా పలికిన సాక్ష్యం కనుక అది నూరేళ్ళు దాటినా నిలిచివుంది. రెండో యుద్ధంలో గ్రీకు సైన్యం బల్గేరియన్ పల్లెలను ఎలా తగులబెట్టిందో చూపడానికి పట్టుబడిన గ్రీకు సైనికుల ఉత్తరాలను అనుబంధంలో చేర్చారు. బల్గేరియా సైన్యం చేతిలో గ్రీకు పట్టణాలు ఎలా బూడిదయ్యాయో కూడా చెప్పారు. ఏ ఒక్క పక్షమూ ఈ గ్రంథాన్ని పూర్తిగా తన జెండాగా ఎగరవేయలేకపోయింది.

అయినా లోపాలు లేకపోలేదు. నివేదికలోని ముస్లిములు ఎక్కువగా ఒక సమూహంగానే కనిపిస్తారు. వారు గుంపులుగా నడుస్తారు, గుంపులుగా ఆకలితో వుంటారు. వారి ఇళ్ళు, పంటలు, వృత్తులు, తగవులు, పెళ్ళిళ్ళు కానరావు. నాగరిక యూరపు అనాగరిక బాల్కన్లకు తీర్పు చెబుతున్నదన్న ధోరణి కూడా కొన్నిచోట్ల ధ్వనిస్తుంది. గ్రంథం వెలువడిన సంవత్సరమే ఆ నాగరిక యూరపు అంతకు ఎన్నో రెట్లు రక్తం పారించడం చరిత్ర చేసిన వ్యాఖ్యానం.

ఈ లోపమే 1993లో మళ్ళీ తలెత్తింది. యుగోస్లావియా విచ్ఛిన్నమౌతున్న ఆ రోజులలో నివేదికను పునర్ముద్రించారు. దానికి అమెరికా దౌత్యవేత్త జార్జి కెన్నాన్ పీఠిక వ్రాస్తూ, 1913 నాటి ద్వేషాలే 1993లోనూ పనిచేస్తున్నాయన్నట్లు సూచించాడు. బల్గేరియాలో పుట్టిన చరిత్రకారిణి మారియా తొదొరోవా 1997లో వెలువరించిన తన గ్రంథంలో ఈ వాదాన్ని గట్టిగా ఎదుర్కొన్నది. ఒక ప్రాంతపు ప్రజల రక్తంలోనే క్రూరత్వం వుందనడం చరిత్ర అనిపించుకోదు. రెండు ప్రపంచ యుద్ధాలను, యూదుల సంహారాన్ని నడిపిన ఖండానికి ఆ మాట అనే అర్హత లేదు. బాల్కన్ ఊచకోతలకు కారణాలు రాజ్యాల విస్తరణ కాంక్షలో, ఒకే జాతి, ఒకే భాష, ఒకే మతం వుండాలన్న కొత్త రాజ్యభావనలో, ఆ కాంక్షను పెంచి పోషించిన అగ్రరాజ్యాల పోటీలో వెతకాలి. ఈ విషయంలో తొదొరోవా వాదమే సమంజసమైనది. మరొక ఖండం విషయంలో, మరొక మతం విషయంలో కూడా అదే పొరపాటు తరచుగా జరుగుతున్నది గనుక ముస్లిం పాఠకునికి ఈ చర్చ కొత్తగా తోచదు.

భారతదేశంలో ప్రతిధ్వని

1912 నాటి వార్తలు భారత ముస్లిములను కుదిపివేశాయి. డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో వైద్య బృందం టర్కీకి బయలుదేరింది. మౌలానా ముహమ్మద్ అలీ తన ‘కామ్రేడ్’ పత్రిక ద్వారా విరాళాలు సేకరించాడు. షిబ్లీ నోమానీ ‘షహ్ర్ ఆషోబె ఇస్లాం’ వ్రాశాడు. ఇక్బాల్ ‘జవాబె షిక్వా’ను లాహోరులో చదివి, ప్రతుల అమ్మకం ద్వారా వచ్చిన సొమ్మును బాల్కన్ నిధికి ఇచ్చారు.

ఈ కవిత్వపు ఆవేదన నిజమైనది. అయితే అది మాసిడోనియాను చూసిన కవిత్వం కాదు. దానిలో ఉస్కుబ్ నగరపు వీధి లేదు, వర్దార్ నది లేదు, కాలిపోయిన ఒక ఇంటి గడప లేదు. బాల్కన్ యుద్ధం అక్కడ ఉమ్మత్ పతనానికి ప్రతీక అయింది. ప్రతీక జాతిని మేల్కొల్పగలదు. బాధితుని ముఖాన్ని చూపడం దాని పని కాదు.

ఈ కాలానికే చెందిన ఇంగ్లీషు రచయిత మర్మడ్యూక్ పిక్తాల్‌తో హైదరాబాదుకు ప్రత్యక్ష సంబంధం వుంది. మాసిడోనియా ముస్లిముల హత్యలపై బ్రిటిష్ పత్రికలు పాటించిన మౌనం ఆయనను రగిలించింది. ‘న్యూ ఏజ్’ పత్రికలో ఆ యుద్ధాన్ని నల్ల క్రూసేడుగా వర్ణిస్తూ వ్యాసాలు వ్రాశాడు. 1913లో కాన్‌స్టాంటినోపిల్ వెళ్ళి నెలల తరబడి వుండి, ఆ అనుభవాలతో 1914లో ‘విత్ ద టర్క్ ఇన్ వార్ టైమ్’ ప్రచురించాడు. అప్పటికింకా ఆయన ఇస్లాం స్వీకరించినట్లు ప్రకటించలేదు. అది 1917లో జరిగింది. తరువాత 1925 నుండి దశాబ్దం పాటు నిజాం కొలువులో పనిచేశాడు. చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడైనాడు. 1927లో ఆరంభమైన ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికకు సంపాదకత్వం వహించాడు. 1930లో వెలువడిన ఆయన ఖుర్ఆన్ అనువాదం సుప్రసిద్ధం.

పిక్తాల్ కూడా తన జాతి అభిప్రాయానికి ఎదురు నిలిచి సాక్ష్యం పలికినవాడే. ఆ ధైర్యం మెచ్చదగినది. కాని గ్రంథంగా చూసినప్పుడు అది రాజధానిలోని తుర్కుల మర్యాదను, ఓర్పును, రాజకీయాశలను చిత్రించిన పుస్తకం. మాసిడోనియా పల్లె దానికి దూరంగా వుండిపోయింది. ఆయన ఇంగ్లీషు పాఠకునికి సమాధానమిస్తున్నాడు. కాందిశీకుని మాటను తాపీగా కూర్చొని వినే తీరిక ఆ గ్రంథానికి లేకపోయింది.

కోల్పోయిన నగరం, వీరానైన కొండలు

ఆ మాటను పలికే పని తుర్కీ సాహిత్యం చేపట్టింది. యహ్యా కమాల్ 1884లో ఉస్కుబ్‌లో, అంటే ఈనాటి స్కోప్యే నగరంలో, జన్మించాడు. బాల్యంలోనే తల్లి మరణించింది. ఆమె సమాధి ఆ నగరంలోనే వుంది. ‘కోల్పోయిన నగరం’ అన్న అర్థం వచ్చే శీర్షికతో ఆయన వ్రాసిన కవిత ఆధునిక తుర్కీ కవిత్వంలో విశిష్ట స్థానం పొందింది. నగరాన్ని పోగొట్టుకోవడం, తల్లిని పోగొట్టుకోవడం దానిలో ఒకే బాధగా కలిసిపోతాయి. సరిహద్దు గీత ఎక్కడ మారినా నగరం తన హృదయంలోనే వుందని కవి నమ్మకం.

కవితగా దీనికి వంక పెట్టడం కష్టం. సాక్ష్యంగా చూస్తే మాత్రం ఒక వెలితి వుంది. ఆ నగరం కవితలో కేవలం విజేతల, షహీదుల నగరం. ఉస్కుబ్ బజారులో శతాబ్దాలుగా దుకాణాలు నడిపిన క్రైస్తవుడు, యూదుడు దానిలో లేరు. 1943 మార్చిలో వర్దార్ మాసిడోనియాలోని 7 వేలకు పైగా యూదులను బల్గేరియా అధికారులు పట్టి ట్రెబ్లింకా మరణ శిబిరానికి పంపించినాక ఆ వెలితి మరింత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. కోల్పోయిన నగరాన్ని తలచుకొనేవారు ఒక్క జాతివారే కారు.

నజాతీ జుమాలీ విషయం వేరు. ఆయన 1921లో ఫ్లోరినాలో పుట్టాడు. మూడేళ్ళ పసివాడుగా వుండగానే కుటుంబం ఇజ్మీరు సమీపంలోని ఉర్లా పట్టణానికి తరలింది. దీనికి కారణం 1923 జనవరి 30న లోజాన్‌లో గ్రీసు, టర్కీలు చేసుకున్న జనమార్పిడి ఒడంబడిక. తుర్కీలో దీనిని ‘ముబాదలా’ అంటారు. ఉర్దూలోని తబాదలా, తెలుగులో ఉద్యోగుల విషయంలో వాడే బదిలీ, అన్నీ ఆ ఒక్క అరబీ ధాతువు బిడ్డలే. అయితే ఈ బదిలీ ఉద్యోగులది కాదు. గ్రీసు నుండి సుమారు మూడున్నర లక్షల ముస్లిములు, టర్కీ వైపు నుండి పన్నెండు లక్షల వరకు క్రైస్తవులు ఈ లెక్క క్రిందికి వచ్చారు. క్రైస్తవులలో అత్యధికులు ఒడంబడికకు ముందే ప్రాణభీతితో పారిపోయినవారు. కొలబద్ద మతం ఒక్కటే. నైరుతి మాసిడోనియాలో గ్రీకు తప్ప మరో భాష ఎరుగని ముస్లిములు టర్కీకి వెళ్ళవలసివచ్చింది. అనతోలియాలో తుర్కీ తప్ప మరో భాష రాని క్రైస్తవులు గ్రీసుకు చేరారు. ఇరువురినీ కొత్త దేశంలో పరాయివారుగానే చూశారు.

జుమాలీ ‘మాకెదోన్యా 1900’ కథాసంపుటి 1976లో వెలువడి మరుసటి ఏడాది సయిత్ ఫాయిక్ పురస్కారం పొందింది. ‘వీరాన్ దాగ్లర్’ నవల 1994లో వచ్చింది. దాగ్ అంటే కొండ. వీరాన్ అన్న మాటను ఉర్దూ ఎరిగిన పాఠకునికి విడమరచి చెప్పనవసరం లేదు. రచయితకు ఆ కొండలు గుర్తుండే అవకాశం లేదు. ఇంటి పెద్దలు చెప్పగా విన్న సంగతులే ఆయన పెట్టుబడి. అందువల్ల కథలలో ఒక విలక్షణత ఏర్పడింది. చరిత్ర గ్రంథాలలో వుండే పాషాలు, సేనాపతులు వెనక్కి జరిగి, కుటుంబ కథలలో వుండే మనుషులు ముందుకు వస్తారు. బేగులు, జాందార్లు, కోమితాజీ దళాలు, ప్రేమలో పడిన పడుచువారు, పగబట్టిన బంధువులు కనిపిస్తారు. వలస అన్నది ఒక్క రోజున విరుచుకుపడిన పిడుగు కాదనీ, ఇరవై ఏళ్ళుగా ఆ ఇళ్ళలో చొరబడుతున్న భయమనీ పాఠకునికి అర్థమౌతుంది.

జుమాలీ తన వర్గాన్ని దేవతలుగా చిత్రించలేదు. ముస్లిం బేగుల అహంకారం, అన్యాయం ఆయన పుటలలో కనిపిస్తాయి. అయినా చూపు మాత్రం బేగు ఇంటి వసారాలో నుండే సాగుతుంది. ఆ బేగు పొలం దున్నిన క్రైస్తవ రైతు తన గుడిసెలో ఏమనుకున్నాడన్నది తెలియదు. అది తెలియాలంటే మరో భాషలోని పుస్తకాలు తెరవాలి.

ఆవలి గుడిసె

ఆ రైతు కథను మాసిడోనియన్ భాషలో పేత్రే ఆంద్రేయెవ్‌స్కి 1980లో ప్రచురించిన ‘పిరెయ్’ నవలలో వినవచ్చు. పిరెయ్ అంటే గరిక వంటి గడ్డి. పీకినకొద్దీ మొలిచే మొండి గడ్డి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో యోన్, వెలికా అనే పల్లెటూరి దంపతుల కథ ఇది. మాసిడోనియాను పంచుకున్న రాజ్యాలు తమ తమ భాగాలలోని యువకులను తమ సైన్యాలలోకి లాక్కున్నాయి. అన్నదమ్ములు ఎదురెదురు కందకాలలో నిలబడవలసివచ్చింది. ఇంటి దగ్గర వెలికా తన పిల్లలను ఒక్కొక్కరినే మట్టిలో కలుపుకుంటుంది. భర్త గొంతు, భార్య గొంతు మార్చి మార్చి వినిపించే ఈ కథనంలో ఉపన్యాసాలు లేవు. వీరగాథలు కూడా లేవు. యుద్ధమంటే పల్లెకు తెలిసింది పన్నుగా పోయిన ధాన్యం, తిరిగిరాని మగవాడు, చల్లారిన పొయ్యి.

తాష్కో గ్యోర్గియెవ్‌స్కి 1935లో గ్రీసు ఏలుబడిలోని మాసిడోనియా పల్లెలో పుట్టి, అంతర్యుద్ధ కాలంలో సరిహద్దు దాటి యుగోస్లావియా చేరాడు. 1966లో వచ్చిన ఆయన నవల ‘త్సర్నో సెమె’ (నల్ల విత్తనం) గ్రీకు సైన్యంలోని మాసిడోనియన్ సైనికుల కథ. కమ్యూనిస్టులన్న అనుమానంతో వారిని నీరులేని దీవిలో బంధించి, దాహంతో, దెబ్బలతో విశ్వాస ప్రకటనలపై సంతకాలు చేయించబోతారు. సంతకం చేయడానికి నిరాకరించినవాని మౌనమే నవలకు వెన్నెముక. 1975లో వచ్చిన ‘త్సర్వెనియొత్ కొఞ్’ (ఎర్ర గుర్రం) కథానాయకుడు యుద్ధంలో ఓడి తాష్కెంటు చేరి, చాలా ఏళ్ళ తరువాత ఊరికి తిరిగివస్తాడు. ఊరుంది, కాని అతను విడిచిపోయిన ఊరు అది కాదు. మాసిడోనియా ముస్లిం అనతోలియాకు, మాసిడోనియా క్రైస్తవుడు ముస్లిముల తాష్కెంటుకు చేరడం ఈ శతాబ్దపు విచిత్రాలలో ఒకటి.

గ్రీకు అంతర్యుద్ధం 1949లో ముగిసింది. దానికి ముందటి సంవత్సరం సుమారు 28 వేల మంది బాలబాలికలను యుద్ధప్రాంతం నుండి తూర్పు యూరపు దేశాలకు తరలించారు. వారిలో మాసిడోనియన్ భాష మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో వున్నారు. 1982 చివర గ్రీకు ప్రభుత్వం కాందిశీకులు తిరిగి రావచ్చునని ప్రకటించినా, ఆ అనుమతిని గ్రీకు జాతీయులకే పరిమితం చేసింది. ముస్లిములను వారి మతం చూసి పంపివేసిన నేల నుండి, ఒక తరం తిరిగేలోగా ఈ క్రైస్తవులను వారి భాష చూసి వెళ్ళగొట్టారు. ముస్లింల ఖాళీ ఇళ్ళలో అనతోలియా క్రైస్తవ కాందిశీకులను నింపినప్పుడు చూస్తూ ఊరకున్న పొరుగువాడు తన వంతు వస్తుందని ఊహించి వుండడు.

ఈ నవలలకు కూడా ఒక మితి వుంది. ‘పిరెయ్’లో గాని, ‘నల్ల విత్తనం’లో గాని ముస్లిం పొరుగువాడు కేంద్రం కాడు. 1912లో వెళ్ళిపోయినవారి నిశ్శబ్దం వాటిలో పూడని గుంటగా మిగిలింది. జుమాలీ నవలకు క్రైస్తవ రైతు ఎంత దూరమో, ఈ నవలలకు ముస్లిం గ్రామస్తుడు అంత దూరం. రెంటినీ పక్కపక్కన పెట్టుకొని చదివినప్పుడే ఒక ఊరు పూర్తిగా కంటికి కడుతుంది.

సరిహద్దుపై ఒక గ్రంథాలయం

ఈ దూరాన్ని తగ్గించిన రచయిత లువాన్ స్టారోవా. 1941లో అల్బేనియాలోని పోగ్రదెత్స్‌లో ముస్లిం కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కుటుంబం ఓహ్రిద్ సరస్సు దాటి మాసిడోనియా చేరింది. అల్బేనియన్, మాసిడోనియన్ భాషలు రెంటిలోనూ వ్రాసి 2022లో మరణించాడు. ‘నా తండ్రి పుస్తకాలు’ 1992లో, ‘మేకల కాలం’ 1993లో వెలువడ్డాయి.

మొదటి గ్రంథంలో నాయకుడు తండ్రి. ఇస్తాంబుల్‌లో చదువుకున్నవాడు, పాత ఉస్మానియా లిపి తెలిసినవాడు. సామ్రాజ్యం కూలింది, సరిహద్దులు మూసుకుపోయాయి, బంధువులు ఆవలి ఒడ్డున చిక్కుకున్నారు. అతని వద్ద మిగిలింది పుస్తకాలే. ఒక్కొక్క పుస్తకం చుట్టూ ఒక్కొక్క చిన్న అధ్యాయం నడుస్తుంది. ఖాదీల పాత రికార్డులలో గొర్రెల కాపరి తగాదా నుండి వితంతువు ఆస్తి వరకు అన్నీ చదువుతూ, ఆ తండ్రి బాల్కన్లలో మనుషులు కలిసి బ్రతికిన నాటి ఆనవాళ్ళను వెతుకుతాడు. విజయాల చరిత్ర కన్న ఈ కాగితాలే అతనికి విలువైనవి. మిగిలినవారు పోగొట్టుకున్న నేలను గూర్చి విలపించారు. ఈ తండ్రి పోగొట్టుకున్న ఇరుగుపొరుగుతనాన్ని గూర్చి ఆలోచించాడు.

‘మేకల కాలం’ యుద్ధానంతరం స్కోప్యేలో జరుగుతుంది. కొండల నుండి దిగివచ్చిన కాపరుల మేకలు కరవులో నగరపు బీద పిల్లలకు పాలిచ్చి బ్రతికిస్తాయి. కాపరులను కార్మికులుగా మార్చదలచిన కొత్త ప్రభుత్వం మేకలను నిషేధిస్తుంది. క్రైస్తవ కాపరి చాంగాకు, ముస్లిం పండితునికి స్నేహం కుదురుతుంది. బాధలో కలిసిన ఈ ఇద్దరి సంభాషణ ఈ సాహిత్యమంతటిలో అరుదైన ఘట్టం.

స్టారోవా గ్రంథాలలో దోషం మితిమీరిన మృదుత్వం. హంతకుడు ఆయన పుటలలోకి దాదాపు రాడు. ముస్లిముల వలస 1912తోనో, 1923తోనో ఆగిపోలేదన్న కఠిన సత్యం జనాభా లెక్కలలో స్పష్టంగా వుంది. యుగోస్లావ్ మాసిడోనియాలో తాము తుర్కులమని చెప్పుకున్నవారు 1948లో సుమారు 96 వేలు. 1953 నాటికి ఆ సంఖ్య 2 లక్షల 3 వేలు దాటింది. 1961లో 1 లక్షా 31 వేలకు పడిపోయింది. టర్కీకి వెళ్ళే అనుమతి తుర్కులకే వుండడంతో అల్బేనియన్ ముస్లిములు, మాసిడోనియన్ భాషే మాతృభాషగా గల ముస్లిములు కూడా తుర్కులుగా పేరు వ్రాయించుకున్నారు; ఆపై వెళ్ళిపోయారు. పేరు మార్చుకొని మరీ దేశం విడిచిన ఈ లక్షపైచిలుకు మనుషుల నవల ఇంకా వ్రాయవలసేవుంది.

లెక్కల గ్రంథం

అమెరికన్ చరిత్రకారుడు జస్టిన్ మెకార్తీ 1995లో ప్రచురించిన ‘డెత్ అండ్ ఎగ్జైల్’ను ముస్లిం పాఠకులు ఎంతో ఆదరించారు. ఆదరణకు కారణముంది. బాల్కన్ యుద్ధాలలో ఉస్మానియా కోల్పోయిన ప్రాంతాల ముస్లిములలో 27 శాతం, అంటే ఆరు లక్షలకు పైగా మరణించారని ఆయన లెక్కించాడు. పాశ్చాత్య చరిత్ర గ్రంథాలు ఒక్క వాక్యంలో దాటవేసిన మృతులను లెక్కకు తెచ్చాడు.

అయితే ఆదరణ పరిశీలనకు అడ్డు రాకూడదు. ఈ సంఖ్య సమాధులను లెక్కించి చెప్పినది కాదు; యుద్ధానికి ముందున్న జనాభా నుండి మిగిలినవారిని, వలసపోయినవారిని తీసివేయగా తేలినది. ఇటువంటి లెక్క మొదటి అంకె ఎంత సరైనదో అంతే సరైనది. అంతకన్న పెద్ద దోషం మరొకటి వుంది. ముస్లిముల మృతుల విషయంలో అంత శ్రద్ధ వహించిన ఈ చరిత్రకారుడే, 1915లో అర్మేనియన్లపై జరిగిన సంహారాన్ని అంతర్యుద్ధపు నష్టంగా చిత్రించి, దానిని జాతినిర్మూలనగా అంగీకరించడు. చరిత్రకారులలో అత్యధికులు ఈ వాదాన్ని త్రోసిపుచ్చారు. ఒకరి శవాలను చూపి మరొకరి శవాలపై దుప్పటి కప్పడం సాక్షి ధర్మం కాదు. తన జాతి అభిమానాన్ని ప్రక్కన పెట్టిన బ్రెయిల్స్‌ఫర్డ్ ఇక్కడ ఎంతో ఎత్తున కనిపిస్తాడు. మాయిదా సూరా 8వ ఆయత్ ఒక జాతిపై గల వైరం సైతం న్యాయం తప్పడానికి సాకు కారాదని హెచ్చరించింది. ఆ హెచ్చరిక గ్రంథకర్తకు ఎంత వర్తిస్తుందో, ఆ గ్రంథాన్ని తన వాదానికి ఆయుధంగా ఎత్తుకొనే పాఠకునికీ అంతే వర్తిస్తుంది. 1912 కాందిశీకుల గురించి కంట తడిపెట్టే ముస్లిం 1903లో కాలిన క్రుషెవోను గురించి కూడా చదవాలి.

ముగింపు

ఇన్ని గ్రంథాలను తూచినాక తేలేది ఇది. నివేదికలో న్యాయం వుంది, మనిషి ముఖం తక్కువ. ఉర్దూ కవిత్వంలో ఆవేదన వుంది, ఆ ఊరు లేదు. జుమాలీలోనూ, ఆంద్రేయెవ్‌స్కిలోనూ ముఖముంది, కాని చెరొక వసారా, చెరొక గుడిసె. స్టారోవాలో ఇరువురూ వున్నారు, నేరం మసకబారింది. మెకార్తీలో లెక్క వుంది, త్రాసు ఒక వైపుకు ఒరిగింది. ఏ ఒక్క పుస్తకమూ చాలదు.

ఇది పాత కథ అనుకోవడానికి కూడా వీల్లేదు. 1999 వసంతంలో కొసోవో నుండి తరిమివేయబడిన మూడు లక్షలకు పైగా మనుషులు, అత్యధికులు ముస్లిములు, ఈ మాసిడోనియాలోనే తలదాచుకున్నారు. రెండేళ్ళకే, 2001లో, ఆ దేశంలోనే అల్బేనియన్ సాయుధులకు, ప్రభుత్వానికి మధ్య పోరాటం చెలరేగి, ఆగస్టులో ఓహ్రిద్ ఒడంబడికతో ఆగింది. ఒడంబడికలు తుపాకులను దింపగలవు. పొరుగువానిపై నమ్మకం కలిగించడానికి మరేదో కావాలి.

అనతోలియాకు సంబంధించిన ఒక గ్రంథం ఇక్కడ ప్రస్తావించదగినది. తుర్కీ రచయిత కమాల్ యల్చిన్ 1998లో ‘ఎమానెత్ చెయిజ్’ ప్రచురించాడు. ఎమానెత్ అంటే అమానత్, చెయిజ్ అంటే జహేజ్. జనమార్పిడి నాటి అలజడిలో ఊరు విడిచిన క్రైస్తవ కుటుంబం తమ ఆడపిల్లల పెళ్ళిసారెను పొరుగునున్న ముస్లిం ఇంటిలో దాచిపెట్టి వెళ్ళింది. తిరిగి వస్తామన్నారు, రాలేదు. ఆ ముస్లిం ఇంటివారు దానిని తమ పిల్లల పెళ్ళిళ్ళకు వాడుకోలేదు. తరాలు మారినా దాచి వుంచారు. దానిని సొంతదారులకు అప్పగించడానికి ఆ ఇంటి మనుమడు పెట్టె కట్టుకొని గ్రీసులో ఊరూరా తిరుగుతూ, దారిలో ఎదురైన కాందిశీకుల కథలన్నీ విని వ్రాసుకున్నాడు.

మాసిడోనియాను గురించి చదివే ముస్లిం పాఠకుని చేతిలో కూడా అటువంటి పెట్టె ఒకటి వుంది. దానిలో తన వారి వస్తువులతోబాటు ఇతరుల వస్తువులు కూడా వున్నాయి. ఎవరి వస్తువు వారిదిగా గుర్తించి అప్పగించడం అతని బాధ్యత.